ముందు సీటు పట్టీ

ముందు సీటు నడుం పట్టీ తెగలేదు, కుట్లు ఊడలేదు, బక్కిల్ శుభ్రంగా విప్పి ఉంది, విప్పిన ఆ పట్టీ విమానం నడిపే కర్ర మొదట్లో రెండు చుట్లు తిరిగి బిగిసిపోయి ఉంది, లాగి చూశాను, కర్ర నా వైపు సగం వచ్చి ఆగిపోయింది, ఇంకోసారి లాగాను, సగమే, అంటే నిన్న సాయంత్రం నా క్యాడెట్ టెస్డాల్ నేల దగ్గరికొచ్చి విమానం ముక్కు పైకెత్తాలని వెనక సీట్లో కర్రను పొట్టలోకి లాక్కున్నప్పుడు అతనికి వచ్చింది కూడా ఇంతే, ఈ సగమే, జెన్నీలో, మా శిక్షణ విమానంలో, కర్రలు రెండు కానీ అవి నేల కింద ఒకే కడ్డీకి కట్టిన కవలలు, ముందుది కదలకపోతే వెనకది కదలదు, ఆస్పత్రిలో కట్లు కడుతున్నంతసేపూ అతను అంటున్నది అదే, కర్ర రాలేదు సార్, నేను లాగాను, రాలేదు, దానికి డాక్టరు తలూపి ఇంకాస్త మందు పట్టించాడు, అందరూ అలాగే అంటారుగా, భయంతో కొయ్యబారిన ప్రతి క్యాడెట్టూ కర్ర రాలేదనే అంటాడు, నేనూ అలాగే అనుకుని పడుకోబోయాను, నిద్ర రాలేదు, తెల్లవారీ వారకముందే లేచి ఈ షెడ్డుకొచ్చాను, విరిగిన రెక్కల నార గుడ్డ, చీలిన కొయ్య, ఆముదం వాసన, ఇంజిన్‌లో కాలిన ఆముదం పద్నాలుగు నెలలుగా నా జుట్టులో, నా రొట్టెలో, నా దిండులో, ఎవరు విప్పారు దీన్ని, నేను కట్టానే, నేను దిగేటప్పుడు కట్టాను, ఎప్పుడూ కడతాను.

ఇది మా శిక్షణ మైదానం డారో ఫీల్డ్‌లో పెట్టిన నియమం, పెట్టింది నేనే, కుర్రాణ్ణి మొదటిసారి ఒంటరిగా ఎగరనిచ్చే ఘడియ వచ్చినప్పుడు నేర్పేవాడు ముందు సీట్లోంచి దిగిపోతాడు, క్యాడెట్ వెనక సీట్లోనే ఉంటాడు, బరువు సరిపోవాలంటే ఒంటరివాడు వెనకే కూర్చోవాలి, ముందు సీటు ఖాళీ, ఖాళీ సీట్లో పట్టీ వదులుగా ఉంటే గాలికి లేస్తుంది, కర్రకి చుట్టుకుంటుంది, అందుకని దిగేవాడే ఖాళీ సీటు మీద పట్టీ బిగించి దిగాలి, మెకానిక్ కాదు, క్యాడెట్ కాదు, కూర్చున్నవాడే, మరిచిపోయినవాడికి శిక్ష ఏమిటంటే తోలు కోటు, తోలు టోపీ, కళ్ళజోడు అన్నీ వేసుకుని మైదానం చుట్టూ ఒక చుట్టు పరిగెత్తాలి, టెక్సస్ ఆగస్టు ఎండలో, మెకానిక్‌లందరూ షెడ్ల ముందు వరసగా నిలబడి చప్పట్లు కొడతారు, లెఫ్టినెంట్ సార్, కాస్త జోరు పెంచండి, రెక్కలు కట్టమంటారా అని నా మెకానిక్ ఎమిల్ అరుస్తాడు, ఆ రోజొక్కటే సిపాయి ఆఫీసర్ని ఏమైనా అనొచ్చు, ఆరుగురు పరిగెత్తారు ఈ ఏడాదిలో, పార్క్‌హర్స్ట్ రెండుసార్లు, రెండోసారి సగం దారిలో వాంతి చేసుకున్నాడు, నేను ఒక్కసారీ పరిగెత్తలేదు, గిల్లెస్పీ మరిచిపోడయ్యా, వాడికి చేతుల్లో గడియారం ఉంది అని మేజర్ హాలొరన్ భోజనాల దగ్గర నలుగురి ముందు అన్నాడు, నేను చారులో చెంచా తిప్పుతూ కూర్చున్నాను కానీ లోపల గర్వపడ్డాను, అవును పడ్డాను, చేసే పనిలో నాకు మిగిలిన గర్వం అదొక్కటే, మిగతాదంతా అలసటే, రోజుకి తొమ్మిదిసార్లు ఎగరడం, పది, నిన్న పదకొండు, పదకొండుమంది పదకొండు రకాలుగా నన్ను చంపబోతారు, రాత్రికి లెక్కపెట్టుకుంటే ఎవరు ఎలా చంపబోయారో గుర్తుండదు.

షెడ్డు బయట కాపలావాడు తుపాకీ గోడకానించి ఆవలిస్తున్నాడు, వీడే నిన్న వాంగ్మూలం ఇచ్చింది, ఆ జర్మన్ వాడు ముందు సీట్లోకి చెయ్యి పెట్టాడు సార్, నా రెండు కళ్ళతో చూశాను, లెఫ్టినెంట్ గారు కేకేస్తే తీశాడు అని, ఆ మాట మీదే నిన్న చీకటి పడేలోపల ఎమిల్‌ని కాపలా గదిలో పెట్టి తాళం వేశారు, జర్మన్ వాడు, వీడెన్‌ఫెల్డ్ అనే పేరు, ఇంటి దగ్గర నాయనమ్మతో ఆ భాషలో మాట్లాడతాడు, అంతే, అతని తాత పుట్టింది కూడా ఇక్కడి గుట్టల్లోనే, మా తాతకన్నా ముందొచ్చారు వాళ్ళు, కానీ యుద్ధం వచ్చాక వాళ్ళ ఊళ్ళో రెండిళ్ళకి దేశద్రోహులని గుర్తుగా రాత్రికి రాత్రి పసుపు రంగు పూశారు, వంటవాడు పులిసిన క్యాబేజీని దాని పాత జర్మన్ పేరుతో పిలవడం మానేసి స్వేచ్ఛా క్యాబేజీ అంటున్నాడు, ఎమిల్ పళ్ళెం చాచి నాకు కాస్త స్వేచ్ఛ ఎక్కువ వెయ్యి నాయనా, ఈ మధ్య నాకు తక్కువైంది అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇప్పుడు ఆ చెయ్యి గుర్తొస్తోంది, నిజమే, నేనూ చూశాను, విమానం ముక్కున పంకా తిరుగుతోంది, నేను దిగి పది అడుగులు నడిచి వెనక్కి తిరిగేసరికి ఎమిల్ కింది రెక్క మీద ఒంగి ముందు సీట్లోకి చెయ్యి పెట్టి ఉన్నాడు, నేను అరిచాను, తప్పుకో ఎమిల్, వెళ్ళనీ, వెలుతురు పోతోంది, అతను నా వైపు తిరిగి ఏదో అన్నాడు, ఇంజిన్ హోరులో ఏమీ వినపడలేదు, మళ్ళీ అరిచాను, చెయ్యి తియ్, తీశాడు, నేను కట్టిన పట్టీ ఎమిల్ విప్పాడా, పద్నాలుగు నెలలు నా విమానాల తీగలన్నీ బిగించిన చేతులతో, ఇప్పుడు నేను ఈ రెండు చుట్లు విప్పేస్తే చాలు, ఎవరూ లేరు, రెండు చుట్లు విప్పి పట్టీని సీటు కింద పడేస్తే ఎమిల్ మీద నేరం లేదు, పట్టీ లేదు, భయపడిన క్యాడెట్ ఒక్కడే మిగులుతాడు, చెయ్యి పెట్టాను, తీసేశాను, నేను కట్టినవాణ్ణి, నాకెందుకు భయం, కాపలావాణ్ణి పిలిచి చూపించాను, పద, మేజర్ గారిని లేపు.

మేజర్ హాలొరన్ గడ్డం సగం గీసుకుని సగం సబ్బుతో వచ్చాడు, ఒంగి చూశాడు, పట్టీని తాకలేదు, నూనె అంటుతుందని ఆయనకి భయం, ఈల వేశాడు, దొరికాడయ్యా దొంగ అన్నాడు, నిన్న నా దగ్గర ఒక్క వెధవ కాపలావాడి మాట ఉంది, ఇవాళ వస్తువుంది, నువ్వు చూడకపోతే నేను ఈ కొయ్యముక్కలన్నీ పొయ్యిలోకి పంపించేవాణ్ణి, సార్ మనం ఇంకొంచెం ఆలోచించి, ఏం ఆలోచిస్తావయ్యా, పట్టీ కట్టావా లేదా, కట్టాను సార్, ఎప్పటిలాగేనా, ఎప్పటిలాగే, మరి అది దానంతటది విప్పుకుందా, లేదు సార్, క్యాడెట్ వెనక సీట్లోంచి చెయ్యి చాపి విప్పాడా, అందదు సార్, అందదుగదా, ఇక మిగిలింది ఎవరు, పోనీ దేవుడా, అని నవ్వాడు, సబ్బు నురుగు కాలర్ మీద పడింది, పది గంటలకి విచారణ, పైనుంచి కర్నల్ కూడా వస్తున్నాడు, నీ వాంగ్మూలం నాలుగు లైన్లు నేనే టైపు కొట్టిస్తాను, నువ్వు సంతకం పెడితే చాలు, పెట్టి వెళ్ళి పడుకో, నీ మొహం చూస్తుంటే నాకే నిద్రొస్తోంది, యుద్ధకాలంలో సైన్యం విమానం పాడుచేసినవాడికి ఏం శిక్ష ఉంటుంది సార్ అని అడిగాను, ఇరవై ఏళ్ళు, అది మంచి రోజైతే, కర్నల్ కాఫీ బాగుంటే, కాకపోతే తుపాకులు, అని బుగ్గ తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

భోజనాల గదిలో నా ముందు కాఫీ చల్లారిపోయింది, బేకన్ ముక్క చుట్టూ కొవ్వు తెల్లగా గడ్డకట్టింది, గుర్తు తెచ్చుకోవాలి, కూర్చుని సరిగ్గా గుర్తు తెచ్చుకుంటే చాలు, నేను కట్టాను, అదిగో కనిపిస్తోంది, ఎడమ కాలు రెక్క మీద పెట్టాను, కుడి చేత్తో పట్టీ లాగాను, బక్కిల్ నాలుక రంధ్రంలో పడింది, ఒకసారి గుంజి చూశాను, ఎంత స్పష్టంగా ఉంది, కానీ ఆ చేతికి ఉన్ని చేతిజోడు ఉంది, ఆగస్టులో ఉన్ని చేతిజోడేమిటి, అది ఫిబ్రవరిది, ఫిబ్రవరిలో కట్టిన పట్టీ, సరే అది కాదు, ఇంకోటి, పట్టీ బిగించాను, పైన చినుకులు, నిన్న చినుకులెక్కడివి, ఆరు వారాలుగా ఒక్క చుక్క లేదు, ఇంకోటి, ఇంకోటి, వందలున్నాయి, పేకముక్కల్లాగా ఒకదాని మీద ఒకటి, అన్నీ ఒక్కలాగే, అన్నిట్లో నా చెయ్యే, నిన్నటి ముక్క ఏదో తెలియడం లేదు, మా అమ్మ చర్చికి వెళ్తూ సగం దారిలో బండి ఆపించేది, పొయ్యి మూత పెట్టానో లేదో అనేది, నాన్న విసుక్కునేవాడు, పెట్టావే తల్లీ, ఇరవై ఏళ్ళుగా పెడుతున్నావు, ఏనాడన్నా మరిచిపోయావా, అమ్మ అనేది, రోజూ పెడతాను కాబట్టే ఇవాళ పెట్టానో లేదో తెలీటం లేదు, నువ్వు బండి తిప్పు, నాన్న గొణుక్కుంటూ తిప్పేవాడు, నాకు నవ్వొచ్చేది, బల్ల మీద తల పెట్టుకుంటే నిద్రొచ్చేస్తుంది, లే, ఎమిల్‌ని అడుగు, ఎందుకు చెయ్యి పెట్టావని అతన్నే అడుగు.

కాపలా గదిలో ఎమిల్ మంచం మీద కాదు నేల మీద కూర్చున్నాడు, మంచం కుంటుతోంది సార్, కాలు కింద పెట్టడానికి చెక్కముక్క అడిగితే ఇవ్వలేదు, చెక్కముక్కతో గోడ తవ్వుతాననుకున్నట్టున్నారు, నవ్వలేదు నేను, పెదవి పగిలి ఉంది అతనికి, ఎవరు కొట్టారు, తలుపు కొట్టింది సార్, రెండుసార్లు, ఆ తలుపుకి గుబురు మీసాలున్నాయి, ఎమిల్ చూడు, నేను పట్టీ చూశాను, కర్రకి చుట్టుకుని ఉంది, బక్కిల్ విప్పి ఉంది, అతను తల పైకెత్తాడు, మొహంలో ఏదో కదిలింది, భయమనుకున్నాను, మీరే చూశారా సార్, నేనే, మేజర్ గారికి చూపించారా, చూపించాను, అతను చేతులు చూసుకున్నాడు, గోళ్ళ కింద నల్లటి గ్రీజు, కుర్రాడెలా ఉన్నాడు అన్నాడు, రెండు కాళ్ళూ విరిగాయి, బతుకుతాడు, అమ్మయ్య, కుర్రాడు బాగా దిగుతాడు సార్, ఆ చివర్లో రెక్క ఎంత నిదానంగా తెచ్చాడో చూశారా, ఎమిల్, నువ్వు ముందు సీట్లోకి చెయ్యి ఎందుకు పెట్టావు, అతను గోటితో గ్రీజు గీక్కున్నాడు, ఎందుకు పెట్టావయ్యా, చెప్పు, నేను తప్ప ఇక్కడ నీకెవరున్నారు, అందుకే చెప్పను సార్, అదేం మాట, నేను ఒక మాటంటే రేపు కాగితం మీద ఏం రాస్తారో తెలుసా, జర్మన్ వాడు ఆఫీసర్ మీద నెట్టాడని, ఆ కాగితం చూసి మా నాయనమ్మ ఇంటికీ పసుపు పూస్తారు, సీట్లో కూర్చున్నది మీరు సార్, గుర్తు తెచ్చుకోవాల్సింది కూడా మీరే, వస్తే వచ్చింది, రాకపోతే నా రాత, నాకు కోపం వచ్చింది, నీ పొడుపు కథలు వినే ఓపిక లేదు నాకు, పదకొండుసార్లు ఎగిరాను నిన్న, తెలుసు సార్, పదకొండుసార్లూ పంకా తిప్పింది నేనే, అన్నాడు, ఆ గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది, నా అలసటే అతని గొంతులో, తలుపు వేసి వచ్చేశాను, నా మీద నెట్టడమేమిటి, నా మీద ఏముందని నెట్టడానికి, నేను కట్టాను.

ఆస్పత్రి మైదానానికి అవతల, మధ్యలో దుమ్ము, పొద్దున్న ఎగరడాలు మొదలయ్యాయి, నాలుగు జెన్నీలు కుంటి కొంగల్లా గెంతుకుంటూ పోతున్నాయి, విమానం విరిగినా ఎగరడాలు ఆగవు, యుద్ధానికి నెలకి ఇంతమంది కావాలి, ఇంతమంది విరిగితే ఇంకో ఇంతమంది, పార్క్‌హర్స్ట్ దిగుతున్నాడు, అరచేతులు నోటికడ్డం పెట్టి క్యాడెట్‌ని తిడుతున్నాడు, గాల్లో ఉన్నప్పుడు మన తిట్టొక్కటీ వినపడదు వాళ్ళకి, ఇంజిన్ తగ్గించి అరవాలి, తగ్గిస్తే కిందికి జారిపోతాం, అందుకని ఒక్కో ముక్కే అరవాలి, రెక్క, ముక్కు, కాళ్ళు, వదులు, వదలరా, టెస్డాల్‌కి ఎన్నిసార్లు అరిచాను నిన్న వదలమని, కర్రని దూడ మెడ పట్టుకున్నట్టు పట్టుకుంటాడు, అయోవాలో పాలవాళ్ళ ఇల్లు, బళ్ళో పంతులుగా చేశాడు రెండేళ్ళు, మంచివాడు, మంచివాళ్ళు గట్టిగా పట్టుకుంటారు, ఆఖరి వారం అతనికి, నిన్నటికి ఒంటరిగా ఎగరకపోతే పేరు కొట్టేసి పదాతిదళంలోకి పంపేవాళ్ళు, అందుకే నిన్న వెలుతురు పోతున్నా పదకొండోసారి ఎక్కాను, నడుం విరిగిపోతున్నా ఎక్కాను, ఆ తర్వాత ఏమైంది, పైకెక్కాం, మలుపు, మలుపు, ఆ తర్వాత దిగాం, నేను దిగిపోయాను, మధ్యలో ఏదో ఉంది, వెలుగు, నవ్వు, ఎవరు నవ్వారు.

టెస్డాల్ కాళ్ళు రెండూ బరువులు కట్టి పైకి వేలాడదీశారు, మొహం పసివాడిలా తెల్లగా ఉంది, నన్ను చూసి లేవబోయాడు, పడుకో నాయనా, సార్ నన్ను తీసేస్తున్నారట కదా, భయపడ్డానని రాశారట, డాక్టరు చెప్పాడు, సార్ మీరైనా నమ్మండి, నేను బిగుసుకుపోలేదు, మీరు చూపించాక ఎందుకు బిగుసుకుంటాను, నేనేం చూపించాను, అదేంటి సార్, అని నవ్వాడు, నొప్పికి నవ్వు సగంలో ఆగింది, మీరు చేతులు చూపించారు కదా, ఏ చేతులు, సార్ మీరు మరిచిపోయారా, నేను జన్మలో మరిచిపోను, నేను కర్ర వదలట్లేదని మీరు అరిచి అరిచి, ఇక అరవడం మానేసి, వెనక్కి తిరిగారు, పూర్తిగా వెనక్కి సార్, సీటు మీద మోకాళ్ళేసి, నా మొహంలోకి చూస్తూ రెండు చేతులూ పైకెత్తారు, పది వేళ్ళూ విప్పి, నాకు గుండె ఆగిపోయింది, పడిపోతారేమో అనుకున్నాను, అప్పుడర్థమైంది, కర్ర మీరు పట్టుకోలేదు, అప్పటిదాకా కూడా మీరు పట్టుకోలేదు, ఎగురుతున్నది నేనే, నేను నవ్వాను సార్, మీరు కూడా నవ్వారు, మీరు నవ్వగా ఈ మైదానంలో ఎవరూ చూడలేదంటారు, ఆ తర్వాత మీరు తిరిగి కూర్చున్నారు, నేను దించాను, ఒక్క గెంతు లేకుండా దించాను కదా సార్, దించావు, ఒక్క గెంతు లేదు, అన్నాను, టెస్డాల్, నేను వెనక్కి తిరిగినప్పుడు నా నడుం పట్టీ, అదే సార్, అదే నాకు భయమేసింది, విప్పేసుకున్నారు కదా, రెండు వైపులా వేలాడుతోంది, గాలికి కొట్టుకుంటోంది, తిరిగి కూర్చున్నాక కట్టుకున్నాననుకున్నావా, నాకు మీ వీపే కనబడింది సార్, వెంటనే దించమని చెయ్యి ఊపారు.

ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాను, ఎండ మోకాళ్ళ మీదికొచ్చింది, ఇప్పుడు వస్తోంది, ఒక్కొక్కటే, ఎవరూ లాగకుండానే వస్తోంది, బక్కిల్ విప్పింది గాల్లో, వెయ్యి అడుగుల ఎత్తున, విసుగుతో విప్పాను, దయతో అనుకుంటే బాగుండేది కానీ కాదు, విసుగు, ఇంక అరిచే ఓపిక లేక విప్పాను, తిరిగితే ఆ కుర్రాడి మొహం, సాయంత్రపు వెలుగంతా ఆ కళ్ళజోడులో, నవ్వు, పద్నాలుగు నెలల్లో మొదటిసారి నా ఒంట్లో నొప్పి లేదు, తిరిగి కూర్చున్నాను, రెండు నిమిషాల్లో దిగుతాం, దానికి కట్టుకునేదేమిటిలే అనుకున్నాను, అనుకోలేదు కూడా, ఒళ్ళే అనుకుంది, దిగాం, నేను లేచాను, అక్కడ, సరిగ్గా అక్కడ, ప్రతిరోజూ ఏం చేస్తాను, విప్పుతాను, లేస్తాను, ఒంగుతాను, కడతాను, విప్పిన చెయ్యే మళ్ళీ కడుతుంది, విప్పడమే దానికి గుర్తు, నిన్న విప్పడానికి ఏమీ లేదు, పట్టీ ముందే విప్పి ఉంది, చెయ్యికి పని మొదలే కాలేదు, మొదలుకాని పని ఎలా పూర్తవుతుంది, లేచి నేరుగా దిగిపోయాను, భుజం తట్టి వెళ్ళు, ఇప్పుడు నువ్వొక్కడివే అన్నాను, నడిచాను, ఎమిల్ చూశాడు, పది అడుగుల దూరం నుంచి పట్టీ వదులుగా ఉండటం చూశాడు, కూర్చున్నవాడే కట్టాలన్న నా నియమాన్ని కాదని చెయ్యి పెట్టాడు, పట్టీ కట్టడానికే పెట్టాడు, అంతకు మించి ఏమీ లేదు, నా వైపు తిరిగి అన్నాడే, ఇంజిన్ మింగేసిన ఆ మాట, ఆ పెదవులు ఇప్పుడు కనిపిస్తున్నాయి, సార్ పట్టీ, అన్నాడు, నేను చెయ్యి తియ్యమన్నాను, సిపాయి కదా, తీశాడు.

పదైంది, గదిలో పొడవాటి బల్ల, కర్నల్, మేజర్, పేరు తెలియని ఇంకో ఇద్దరు, మూల స్టూలు మీద ఎమిల్, చేతులకి గొలుసు, పక్కన గుబురు మీసాల వాడు, మేజర్ కాగితం నా ముందుకి తోశాడు, నాలుగు లైన్లు, దిగేటప్పుడు ఎప్పటిలాగే పట్టీని నా చేత్తో బిగించి ఉన్నాను, టైపు చక్కగా ఉంది, ఒక్క తప్పు లేదు, సంతకం కింద పెట్టు గిల్లెస్పీ, కర్నల్ గారికి పన్నెండింటి రైలుంది, కలం తీసుకున్నాను, బరువుగా ఉంది, ఆ కాగితంలో ఒకే ఒక్క మాట నన్ను చూస్తోంది, ఎప్పటిలాగే, పద్నాలుగు నెలలు నిజమైన మాట, నిన్న ఒక్క సాయంత్రం తప్ప, ఆ ఒక్క సాయంత్రానికి నేను సాక్షిని కాదు, నా చేతికున్న పేరు సాక్షి, మేజర్ గారి నమ్మకం సాక్షి, నేను చూసింది పట్టీ కట్టడం కాదు, పట్టీ కట్టే మనిషినని నా గురించి నేను అనుకోవడం, అంతే, ఏమయ్యా, చదవడం రాదా, అని మేజర్ నవ్వాడు, ఎమిల్ నా వైపు చూడటం లేదు, కిటికీలోంచి పైకి చూస్తున్నాడు, ఎవరో మలుపు తిరుగుతున్న చప్పుడు, రెక్క మరీ ఒరిగింది, అతను చెవితోనే కనిపెట్టాడు, పెదవి బిగించాడు, కలం బల్ల మీద పెట్టేశాను, లేచి నిలబడ్డాను, నేను కట్టలేదు సార్, అన్నాను, ఏంటీ, అన్నాడు మేజర్, పట్టీ కట్టలేదు సార్, గాల్లో నేనే విప్పుకున్నాను, వెనక్కి తిరిగి కుర్రాడికి ఖాళీ చేతులు చూపించడానికి, మళ్ళీ కట్టుకోలేదు, దిగేటప్పుడు విప్పాల్సింది లేకపోయేసరికి కట్టాలన్నది నాకు తట్టలేదు, కూర్చో గిల్లెస్పీ, నువ్వు అలిసిపోయావు, అవును సార్ అలిసిపోయాను, అది నిజమే, కానీ అందుకని ఇది అబద్ధం కాదు, జాగ్రత్తగా మాట్లాడు, నీ యూనిఫాం ఊడుతుంది, ఊడనివ్వండి సార్, ఈ పొద్దున కూడా నేను కట్టాననే మీకు చెప్పాను, అబద్ధమాడుతున్నానని తెలియక చెప్పాను, ఎమిల్ వీడెన్‌ఫెల్డ్ చెయ్యి పెట్టింది పట్టీ విప్పడానికి కాదు, కట్టడానికి, తియ్యమని అరిచింది నేను, ప్రమాదం తప్పించే దారి అతను చూపిస్తుంటే వెలుతురు పోతోందని తొందరపెట్టింది నేను, టెస్డాల్ భయపడలేదు, అతను లాగాడు, నా పట్టీ రానివ్వలేదు, ఆ కుర్రాడి కాళ్ళు విరగ్గొట్టింది నేనే సార్, ఇంకెవరూ కాదు, రాసుకోండి, ఆ గొలుసు తీయించండి, తీశాక నేను కూర్చుంటాను.